అధ్యక్షులవారి యాభై అయిదు చుట్లు

"పరిషత్సభ్యుని ట్రక్కునందలి మోటారుకు గల తీగచుట్ల సంఖ్య సదరు సభ్యుని సాంఘిక గౌరవమునకు తగినట్లుండవలెను. గౌరవమున తక్కువైనవాడు చుట్లలో ఎక్కువైయుండుట సభామర్యాదకు భంగకరము!"

ఈ వాక్యం ఏ స్మృతిలోనిదో గుర్తుకు రావడం లేదని పాఠకులు నొచ్చుకోనవసరం లేదు. ఇది రెండువేల అయిదులో, శ్రావణమాసపు ఒకానొక ఆదివారం, తెనాలిలో, చలపతిరావుగారి మేడ మీది హాల్లో, ఉప్మా ప్లేట్లు తీసేశాక పుట్టింది. పుట్టించినది కృష్ణాడెల్టా రిమోట్ ట్రక్కుల సాంకేతిక సాంస్కృతిక పరిషత్తు. పరిషత్తుకు సభ్యులు నలుగురే. ఆశయాలు మాత్రం పదహారు.

ట్రక్కు అనగానే ధాన్యం బస్తాలతో పొన్నూరు రోడ్డున దుమ్ము రేపుకుంటూ పోయేదాన్ని ఊహించుకోకూడదు. ఈ ట్రక్కు మూరెడు పొడవుంటుంది. కడుపులో ఒక బ్యాటరీ, ఒక చిన్న మోటారు ఉంటాయి. మోటారు ఇరుసుకు పినియన్ అనే బుల్లి పళ్ళచక్రం, ఆ మోటారుకు ఎంత కరెంటు వదలాలో చూసుకునే స్పీడ్ కంట్రోలరు అనే డబ్బా ఉంటాయి. దూరాన నిలబడి చేతిలోని రిమోట్ మీట నొక్కితే బండి కదులుతుంది. ఇంతే. ఇంతటి దానికి పరిషత్తు ఎందుకని అడిగేవారు మన పట్టణాల నాగరికతను బొత్తిగా ఎరగనివారు. చలపతిరావుగారు సింగపూరు నుంచి ఒక వస్తువు తెచ్చుకుంటే దాన్ని ఆటవస్తువనడం ఎవరితరం? ఆయన తెనాలి నుంచి కొల్లిపర వెళ్ళే రోడ్డులో వరిచేల నడుమ వెలసిన ఇంజనీరింగు కాలేజీకి కరస్పాండెంటు. ఆయన ఆడితే అది ఆట కాదు, అధ్యయనం.

ఆ కాలేజీకి ప్రిన్సిపాల్ అనంతకృష్ణ. ఈ వాక్యంలో ఒక దోషముంది. ఆయన ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్. గది తలుపు మీది బోర్డులో ప్రిన్సిపాల్ అన్న మాటకు ముందు ఇన్‌ఛార్జి అన్న మాట మూడేళ్ళుగా, ఇంటికి వచ్చి తిరుగు ప్రయాణం మరచిన చుట్టంలా, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. అనంతకృష్ణకు భౌతికశాస్త్రంలో డాక్టరేటు ఉంది. విద్యుదయస్కాంతం మీద ఆయన పాఠం చెబుతుంటే బాపట్ల నుంచి కూడా పిల్లలు వచ్చి వినేవారు. అటువంటి మనిషికి జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే: ఆ బోర్డు మీద నాలుగంగుళాల మేర పెయింటు.

"నిన్న సంతర్పణలో మా పెద్దమ్మ అడిగిందండీ, మీ ఆయన ఏం చేస్తున్నాడే అని," అనేది భార్య ఇందుమతి, వడ్డిస్తూ వడ్డిస్తూ. "ప్రిన్సిపాల్ అన్నాను. పక్కనే ఉన్న మీ చెల్లెలు ఊరుకుందా? ఇన్‌ఛార్జిలే అత్తయ్యా అంది. అసలు పెళ్ళినాడే అడగాల్సింది మా నాన్న, ఈయన పూర్తి మొగుడా, ఇన్‌ఛార్జి మొగుడా అని."

"ఈ ఏడాది తీసేస్తారు ఇందూ."

"దేన్ని, మాటనా, మిమ్మల్నా?"

ఈ నేపథ్యంలో మోటార్ల కేటలాగు వచ్చింది. అందరి బండ్లకూ కొత్త మోటార్లు తెప్పించాలని పరిషత్తు సంకల్పించింది. చలపతిరావుగారు సోఫాలో వెనక్కి వాలి, కేటలాగు వంక కన్నెత్తి చూడకుండా, కిటికీలోంచి మబ్బుల కేసి చూస్తూ అడిగారు.

"ఇందులో అన్నిటికంటే పెద్ద నంబరేదోయ్ అనంతకృష్ణా?"

"యాభై అయిదు చుట్లండి."

"అది నాకు."

ఇక్కడ విషయం కాస్త విప్పి చెప్పాలి. మోటారులో తీగచుట్లు తగ్గేకొద్దీ తీగ లావవుతుంది, కరెంటు ధారాళంగా పారుతుంది, మోటారు గిర్రున తిరుగుతుంది. చుట్లు పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. పన్నెండు చుట్లది చిరుతపులి. యాభై అయిదు చుట్లది, రాళ్ళ గుట్టలెక్కడానికి పనికొచ్చే ముసలి తాబేలు. ఈ సంగతి అనంతకృష్ణకు తన పేరంత బాగా తెలుసు. "అది అన్నిటికంటే నెమ్మదిదండి" అన్న వాక్యం ఆయన గొంతులోంచి బయలుదేరి నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ నిలబడి, తలుపు మీది బోర్డును తలచుకుని, మర్యాదగా వెనక్కి వెళ్ళిపోయింది.

"తమకు అదే తగునండి," అన్నాడాయన.

శాస్త్రం నోరు మూసుకున్నచోట తీర్మానం నోరు తెరుస్తుంది. ఉపాధ్యక్షుడు విజయసారథి బాపట్లలో పేరు మోసిన ప్లీడరు. ఆయన అక్కడికక్కడే పైన ఉదహరించిన మొదటి తీర్మానాన్ని డిక్టేటు చేశాడు. అధ్యక్షులకు యాభై అయిదు, ఉపాధ్యక్షుడికి ముప్పై అయిదు, సాంకేతిక సలహాదారు అనంతకృష్ణకు ఇరవై ఏడు. అడుగున మిగిలిన పన్నెండు, రేపల్లె మస్తాన్‌రావుకు.

మస్తాన్‌రావు నిజాంపట్నం రేవులో పడవలు, రేపల్లెలో ఐసు ఫ్యాక్టరీలు ఉన్నవాడు. అతని రొయ్యలు తినని దేశం లేదు. పరిషత్తు ఉప్మా నుంచి వెండికప్పు వరకు అన్నీ అతని చేతి చలవే. కాని పేరు వెనుక అక్షరాలు లేవు. పదో తరగతి పరీక్షలప్పుడు అతను సముద్రం మీద ఉన్నాడు. అందుచేత పన్నెండు.

"పన్నెండంటే మరీ తీసికట్టేమోనండీ," అన్నాడు మస్తాన్‌రావు, మోటారును అరచేతిలో దొర్లించి చూసుకుంటూ.

"వచ్చే ఏడు పదోన్నతి ఆలోచిద్దాం," అన్నాడు విజయసారథి.

కంట్రోలర్లు, పినియన్లు కూడా ఇదే మర్యాదలో పంచారు. ప్రతి కంట్రోలరు డబ్బా మీదా ఒక అంకె ఉంటుంది. ఇంతకంటే తక్కువ చుట్ల మోటారును నాకు తగిలించవద్దు, కాలిపోతాను అని దాని మొర. ఇరవై ఏడు అంకె గలది నిజానికి అన్నిటికంటే బలహీనమైనది. అంకె పెద్దది కనుక అధ్యక్షులకు పోయింది. పది అంకె గల మహా బలిష్ఠమైన కంట్రోలరు మస్తాన్‌రావుకు దక్కింది. పళ్ళు ఎక్కువున్న పెద్ద పినియన్ కూడా అధ్యక్షులదే. దానికి తెనాలి బజారులో బంగారు పూత పూయించి, జనం చూసి తరించడానికి ట్రక్కు మూతలో చిన్న కిటికీ కూడా కోయించారు. విజయదశమికి ఆయుధపూజలో కంట్రోలర్లన్నిటికీ కుంకుమబొట్లు పెట్టి, ఎవరూ మార్చకుండా వాటిని బండ్లకు అంటించి లక్కముద్రలు వేశారు.

వింతేమిటంటే, అన్నీ ఒకే వరుసన తలకిందులు కావడం వల్ల నాలుగు బండ్లకూ పొంతన చక్కగా కుదిరింది! నెమ్మది మోటారుకు బలహీన కంట్రోలరు, చురుకు మోటారుకు బలిష్ఠ కంట్రోలరు. నిదానపు మోటారు కనుక పెద్ద పినియన్ కూడా దానికి చేటు చేయలేదు. ఏ ఒక్కటీ వేడెక్కలేదు. అజ్ఞానం క్రమశిక్షణతో వరుసలో నిలబడితే దూరానికి జ్ఞానంలాగే కనిపిస్తుంది.

మొదటిసారి నాలుగు బండ్లూ కాలేజీ మైదానంలో దిగినప్పుడు మాత్రం చిక్కు వచ్చింది. మస్తాన్‌రావు మీట ముట్టుకున్నాడో లేదో అతని బండి అవతలి గోడ దగ్గరుంది. అధ్యక్షుల బండి ఇంకా కదలాలా వద్దా అని ఆలోచిస్తోంది. అందరూ అనంతకృష్ణ ముఖం చూశారు.

అనంతకృష్ణ గొంతు సవరించుకున్నాడు. ఆ క్షణంలో పుట్టినదే గాంభీర్య సిద్ధాంతం.

"వేగం రెండు విధాలండి. ఒకటి చపలవేగం, రెండోది గంభీరవేగం. దేవుడి రథం పరుగెత్తగా మనం ఎవరమైనా చూశామా? ఏనుగు అంబారీ గంతులేస్తుందా? చుట్లు పెరిగేకొద్దీ మోటారుకు లోతు వస్తుంది. లోతున్న నీళ్ళు పరుగెత్తవు కదండి!"

చలపతిరావుగారు బండి వైపు కాక ఎక్కడో కొబ్బరిచెట్ల తలల కేసి చూస్తూ, "బాగుంది," అన్నారు. రెండో తీర్మానం అప్పుడే ఆమోదం పొందింది: వెనుకనున్న సభ్యుడు ముందున్న సభ్యుని దాటరాదు. అది మొదలు ఆదివారం సాయంత్రాలు నాలుగు బండ్లూ హోదాల వారీగా మైదానం చుట్టూ నడిచేవి. మస్తాన్‌రావు మీటను తాకి వదిలి, తాకి వదిలి, తాడు తెంపుకునే దూడను పట్టుకున్నట్టు అవస్థపడేవాడు.

"మాస్టారూ," అన్నాడొకనాడు అనంతకృష్ణ చెవి దగ్గర, "మీ సిద్ధాంతం బాగుందిగానండీ, నా పడవ ఇంజన్లు గంభీరంగా నడిస్తే రొయ్యలు రేవుకొచ్చేలోపు కుళ్ళిపోతాయండీ."

"రొయ్యలకూ శాస్త్రానికీ సంబంధం లేదు మస్తాన్‌రావుగారూ," అన్నాడు అనంతకృష్ణ, పొడిగా.

ఏడాదిన్నర ఇలా గడిచింది. రెండువేల ఏడు ఫిబ్రవరిలో బాపట్లలో పరిషత్ వార్షికోత్సవం తలపెట్టారు. సూర్యలంక తీరాన ట్రక్కుల ప్రదర్శన, ముఖ్య అతిథి సందేశం, సన్మానం. ముఖ్య అతిథి ఆచార్య చంద్రశేఖరంగారు. ఎనభై ఏళ్ళ రిటైర్డు ప్రొఫెసరు, చేతికర్ర, చురుకైన నాలుక. కాలేజీ నియామకాల కమిటీలో ఆయనే నిపుణుడు. ఆయన తల ఊపితే ఇన్‌ఛార్జి అన్న మాట రాలిపోతుంది. ఆ సంగతి చలపతిరావుగారే అనంతకృష్ణకు చెప్పారు. "ఉత్సవం బాగా జరగనీ. సాయంత్రం పెద్దాయనతో నీ మాట తేలుస్తా."

ముందురోజే వచ్చి విజయసారథి ఇంట్లో దిగిన ఆచార్యులు, భోజనాల దగ్గర కార్యక్రమమంతా విని, చారు జుర్రుకుంటూ ఒక్క ప్రశ్న వేశారు.

"ఒకరినొకరు దాటరా?"

"దాటరండి. రెండో తీర్మానం," అన్నాడు విజయసారథి.

"దాన్ని ఊరేగింపంటారు నాయనా, పోటీ అనరు. ఊరేగింపు చూడ్డానికైతే నన్ను పిలవడం దేనికి, ఒక బాజా పిలవకపోయారా? రేపు పోటీ పెట్టండి. ఎవరి బండి వాళ్ళ ఇష్టం."

"ఆహా! బాగా చెప్పారండీ!" అని మస్తాన్‌రావు ఎడమచేత్తోనే బల్ల చరిచాడు. చలపతిరావుగారు చారన్నాన్ని కలిపిందే మళ్ళీ కలిపారు. చివరకు, "సరే కానివ్వండి," అన్నారు. ఆ 'సరే'లో ఉత్సాహం లేకపోవడం అనంతకృష్ణ ఒక్కడే గమనించాడు. గమనించి, తనదైన పద్ధతిలో అర్థం చేసుకున్నాడు: అధ్యక్షులు ఓడిపోతారు, ఓటమికి కారణం వెతుకుతారు, కారణం పేరు అనంతకృష్ణ అవుతుంది.

మర్నాడు ఉదయం విజయసారథి ఇంటి వరండాలో అరిటాకులు పరిచి పెసరట్లు వడ్డిస్తుండగా, ట్రక్కులున్న ముందు గదిలోకి భౌతికశాస్త్ర డాక్టరు ఒక స్క్రూడ్రైవరుతో ప్రవేశించాడు. మోటారుకు రెండే మరలు. మస్తాన్‌రావు పన్నెండు చుట్ల మోటారు అధ్యక్షుల బండిలోకీ, అధ్యక్షుల యాభై అయిదు మస్తాన్‌రావు బండిలోకీ మారాయి. మోటార్ల మీది అంకెల స్టిక్కర్లు కూడా స్థానాలు మార్చుకున్నాయి. అప్పుడు అనంతకృష్ణ చేయి ఆగింది.

పన్నెండు చుట్ల మోటారుకు ఇరవై ఏడు కంట్రోలరు చాలదు. మస్తాన్‌రావు కంట్రోలరు కూడా తీసి పెట్టాలి. కాని దాని మీద కుంకుమబొట్టు, లక్కముద్ర ఉన్నాయి. ముద్ర పగిలితే ప్లీడరు కంట పడుతుంది. పోనీ, భారం తగ్గడానికి చిన్న పినియనైనా ఉంచాలి. కాని మూత కిటికీలో బంగారం తళుక్కుమనకపోతే ఊరంతా అడుగుతుంది. లావు కరెంటు తాగే మోటారు, లావు భారం మోపే పినియను, సన్నపాటి కంట్రోలరు. ఈ మూడూ ఒక బండిలో చేరితే ఏమవుతుందో మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా ఆయన అయిదు నిమిషాల్లో విడమరచి చెప్పగలడు. తనకు తాను చెప్పుకోవలసి వచ్చేసరికి మాత్రం, "కాస్త దూరమేగా, తట్టుకుంటుందిలే," అన్నాడు. బంగారు పినియన్‌ను పన్నెండు చుట్ల మోటారుకే బిగించి, చేతులు కడుక్కుని, వెళ్ళి పెసరట్టు తిన్నాడు. అల్లప్పచ్చడి కూడా వేయించుకున్నాడు.

సూర్యలంకలో అలలు తడిపి గట్టిపరచిన ఇసుక మీద జెండాలు పాతారు. షామియానాలో ఆచార్యులు, పరిషత్ కుటుంబాలు, చుట్టుపక్కల పల్లెల జనం. వేరుశనగలమ్మే రత్తాలు బుట్ట దించి ముందు వరుసలో కూర్చుంది. చలపతిరావుగారు పట్టుకండువా, నల్ల కళ్ళజోడుతో రిమోట్ అందుకుని, ట్రక్కు మీద కాక సముద్రానికీ ఆకాశానికీ నడుమనున్న గీత మీద దృష్టి నిలిపి నిలబడ్డారు. మహాపురుషులు చిల్లర వస్తువులను చూడరు కదా అనుకున్నాడు అనంతకృష్ణ. అనుకోవడమే కాదు, పక్కవారికి చెప్పాడు కూడా.

ఈల మోగింది.

అధ్యక్షుల బండి కదలలేదు, పేలింది అనాలి! ఝయ్యిమని ఇసుక చిమ్ముకుంటూ, తారాజువ్వలా, చూస్తుండగా సగం దూరం దాటేసింది. జనం ఒక్కపెట్టున లేచారు. "గాంభీర్యం! గాంభీర్యం!" అని అరిచాడు విజయసారథి, ఏమరవాలో తెలియక. వెనుక మస్తాన్‌రావు బండి, నిన్నటి చిరుత, ఇవాళ పురిటికి వెళ్తున్నదానిలా అడుగు తీసి అడుగు వేస్తోంది.

"ఇదేంటండీ! నా బండికి వాతం కమ్మిందా ఏంటి?" అని రిమోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపాడు మస్తాన్‌రావు.

అంతలో అధ్యక్షుల బండి మెత్తటి ఇసుకలో దిగింది. చక్రాలు తిరగడానికి పెనుగులాడాయి. ఎవరైనా సరే ఆ సమయంలో మీట వదిలేస్తారు. చలపతిరావుగారు వదలలేదు. దిగంతం వంక చూస్తూ, వేలు తెల్లబడేలా నొక్కి పట్టుకునే ఉన్నారు. మూత కిటికీలోంచి సన్నని నీలిపొగ లేచింది.

"సార్, వదలండి!" అన్నాడు అనంతకృష్ణ. జనం హోరులో ఆ మాట కలిసిపోయింది.

వదలలేదు. పొగ దట్టమైంది. పచ్చిచేప కాలినట్టు కమురు వాసన తీరమంతా వ్యాపించింది.

"చూడు, ఆయన జంకూ గొంకూ లేకుండా ఎట్టా నిలబడ్డాడో!" అంది రత్తాలు. "మగాడంటే అట్టుండాల."

బండి ఆగిపోయింది. లక్కముద్ర కరిగి, కుంకుమతో కలిసి, ఎర్రగా ఇసుక మీదికి కారింది.

ఇప్పుడు ఎవరైనా దాటవచ్చు. రెండో తీర్మానం ఆ రోజుకు రద్దయింది. అయినా విజయసారథి బండి అధ్యక్షుల బండి దగ్గరకు రాగానే ఆయన వేలు దానంతటదే మీట వదిలింది. ఏడాదిన్నర అభ్యాసం! ఆ బండి వెనుక అనంతకృష్ణ బండి ఆగింది. రెండూ పొగకు నమస్కరిస్తున్నట్టు నిలబడ్డాయి. వాటి పక్కనుంచి మస్తాన్‌రావు బండి, యాభై అయిదు చుట్ల నిండు గాంభీర్యంతో, మెత్తటి ఇసుకను తాపీగా ఎక్కి దిగి, జనం ఆవులిస్తుండగా, గమ్యం చేరింది. గాంభీర్య సిద్ధాంతం లోకంలో మొదటిసారి నిరూపితమైంది. దాన్ని కనిపెట్టినవాడు మాత్రం చెమటలు తుడుచుకుంటున్నాడు.

"గెలిచాగానండీ," అన్నాడు మస్తాన్‌రావు షామియానాలోకి వస్తూ, "ఇది నా మోటారు కాదు. దాని చప్పుడు నాకు తెలవదా? ఎవరో మార్చారు."

చంద్రశేఖరంగారు చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించారు. "సరే. తక్కువ చుట్ల మోటారు వేగంగా పోతుందని తెలిసినవాడే ఈ పని చేసుండాలి. అది మీలో ఎవరికి తెలుసు?"

ఇంతటి సులభమైన ప్రశ్నకు ఇంతటి నిశ్శబ్దం సూర్యలంక తీరాన మునుపెన్నడూ పుట్టి ఉండదు. అలలు కూడా కాస్త తగ్గి వింటున్నట్టుంది.

"నేను లా చదివానండి. నాకు తెలియదు," అన్నాడు విజయసారథి.

"నేను పాలకుణ్ణి. యంత్రాల గొడవ నాకేం తెలుసు?" అన్నారు చలపతిరావుగారు.

ఆచార్యుల చూపు అనంతకృష్ణ మీదికి తిరిగింది. తెలుసంటే మోటారు మార్చినవాడు తనే. పైగా ఏడాదిన్నర సిద్ధాంతం పచ్చి అబద్ధమని అధ్యక్షుల ఎదుట ఒప్పుకున్నట్టు. అనంతకృష్ణ ఉత్తరీయం సర్దుకున్నాడు.

"నాకూ తెలియదండి."

"మీది ఫిజిక్సు కదండీ?"

"అవునండి."

"డాక్టరేటు కదూ?"

"అవునండి. మోటార్ల వరకు రాలేదండి."

ఆచార్యులు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆయన్ను ఇంకోసారి చూశారు.

మస్తాన్‌రావు పడీపడీ నవ్వాడు. "ఏంటండీ ఇది! నాకు తెలుసు. ఏడాదిన్నరబట్టీ పట్టి పట్టి నడుపుతున్నా, నాకు తెలవకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"నమోదు చేసుకోండి!" అని గబుక్కున లేచాడు విజయసారథి. ఆయనలోని ప్లీడరుకు ప్రాణం వచ్చింది. "తెలిసినవాడే మార్చాడు. తెలిసినట్టు ఒప్పుకున్నవాడు ఒక్కడే. కాబట్టి మార్చినవాడు మస్తాన్‌రావు!"

"నా వేగం మోటారు పీకి పెసిడెంటుగారికిచ్చి, ఆయన ముసలి మోటారు నేను పెట్టుకుంటానా? ఏం మాస్టారూ, మీరైనా చెప్పండి!"

మాస్టారు సముద్రం వైపు చూశాడు. అలలు ఎంత అందంగా ఉన్నాయో ఆ రోజే ఆయనకు తెలిసింది. తరువాత, అడిగినవారెవరూ లేకున్నా, నెమ్మదిగా అన్నాడు.

"తర్కం ప్రకారం విజయసారథిగారి మాటలో దోషం కనిపించడం లేదండి."

మూడో తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. మస్తాన్‌రావు పరిషత్తు నుంచి బహిష్కృతుడు. అతను కాసేపు అనంతకృష్ణను ఎగాదిగా చూసి, బల్ల మీది వెండికప్పును చంకలో పెట్టుకున్నాడు.

"కప్పు మాత్రం ఇచ్చేది లేదండీ. గెలిచినోణ్ణి నేనేగా. వచ్చే ఏడు నుంచి ఉప్మా మీరే చేసుకోండి." అని కారెక్కి, పిట్టలవానిపాలెం మీదుగా రేపల్లె వెళ్ళిపోయాడు. అధ్యక్షులకు, అగ్నిపరీక్షలో చలించనందుకు, శాలువా కప్పారు.

సాయంత్రం చలపతిరావుగారు ఆచార్యులను బాపట్ల స్టేషన్లో రైలెక్కించి వచ్చి, అనంతకృష్ణను తన కారులో కూర్చోబెట్టుకున్నారు. కారు పొన్నూరు దాటింది. అనంతకృష్ణ మనసులో బోర్డుకు పెయింటు ఆరుతోంది.

"పెద్దాయనతో నీ మాట ఎత్తానయ్యా," అన్నారు చివరికి. "ఒప్పుకోలా."

"ఏమన్నారండి?"

"చుట్లు తగ్గితే మోటారు వేగం పెరుగుతుందని తెలియనివాడికి డాక్టరేటు ఎవరిచ్చారో ముందు కనుక్కోమన్నాడు. ప్రిన్సిపాల్ మాట తరవాతన్నాడు. ఇన్‌ఛార్జి కూడా తీసెయ్యమన్నాడు. వచ్చే నెల కొత్తాయన వస్తాడు."

అనంతకృష్ణలోని శాస్త్రం, ఏడాదిన్నర మౌనం తరువాత, బద్దలైంది.

"నాకు తెలుసు సార్! మొదటి రోజునుంచీ తెలుసు! యాభై అయిదు అన్నిటికంటే నెమ్మదని చెబితే తమరు నొచ్చుకుంటారని..."

"నొచ్చుకోడానికేముంది? నాకూ తెలుసుగా."

"తమకు... తెలుసా?"

"కేటలాగు వచ్చిన రోజే మా ఆవిడ కామేశ్వరమ్మ చదివి వినిపించింది. అన్నిట్లోకీ నిదానమైంది ఏదో చూడవే అన్నాను. యాభై అయిదంది. నలుగురిలో నెమ్మదిది కావాలని అడగలేక పెద్ద నంబరేదని అడిగా."

"నిదానమైనదే ఎందుకు సార్? గాంభీర్యం కోసమే కదండీ?"

"గాంభీర్యమా నా మొహమా! ఆ మాట నువ్వు పుట్టించిందేగా. వినడానికి బాగుందని ఊరుకున్నా." చలపతిరావుగారు నల్ల కళ్ళజోడు తీసి కండువాతో కళ్ళొత్తుకున్నారు. "రెండు కళ్ళల్లోనూ శుక్లాలయ్యా. ఎవరికీ చెప్పలేదు. నడిచే బండైతే మసగ్గా పోల్చుకుంటా. పరిగెత్తేది నాకు కనపడదు."

"మరి ఇవాళ..." అన్నాడు అనంతకృష్ణ. "అంత పొగ వస్తున్నా తమరు మీట వదల్లేదు కదండి!"

"పొగెవరు చూశారు? ఝయ్యిమని ఒక చప్పుడు పోయింది, ఆ రొయ్యలాయన బండి అనుకున్నా. నాది ఇంకా కదల్లేదేమోనని గట్టిగా నొక్కి పట్టుకున్నా."